నేనప్పుడే చెప్పాను!

ఎన్నికల ఫలితాలు వెలువడిన సాయంత్రం ఏ చానల్ పెట్టినా ఒకటే మాట వినిపిస్తుంది. నిన్నటిదాకా "పోటీ హోరాహోరీగా ఉంది, ఇప్పుడే ఏమీ చెప్పలేం" అన్న విశ్లేషకులు "ఇది నేను ముందే చెప్పాను" అంటూ గొంతు సవరించుకుంటారు. ఓడిన పార్టీ ఎందుకు ఓడక తప్పదో వేళ్ల మీద లెక్కపెట్టి చూపిస్తారు. ఆ కారణాలన్నీ పోలింగ్‌కు ముందు కూడా కళ్లెదుటే ఉన్నాయి. అయినా 2024 జూన్ 1న వచ్చిన ఎగ్జిట్ పోల్స్‌లో చాలావరకు ఎన్డీయేకు 350కి పైనే సీట్లు వేశాయి. మూడు రోజుల తర్వాత ఓట్లు లెక్కపెడితే వచ్చినవి 293. 2004లో వాజ్‌పేయి ప్రభుత్వానిదే పైచేయి అని సర్వేలన్నీ దాదాపు ఒక్క గొంతుతో అన్నాయి. గద్దెనెక్కింది మన్మోహన్ సింగ్.

టీవీల దాకా ఎందుకు, మన ఇళ్లలో ఈ మాట రోజూ వింటూనే ఉంటాం. కుదిరిన సంబంధం చెడిపోతే "పెళ్లిచూపుల నాడే నాకు అనుమానమొచ్చింది" అనే మేనత్త ఉంటుంది. షేరు ధర పడిపోతే "అప్పుడే అమ్మెయ్యమన్నానా లేదా?" అని నిలదీసే బావమరిది ఉంటాడు. అనుమానమొచ్చిన మేనత్త ఆ రోజు లడ్డూలు పంచిపెట్టింది. అమ్మెయ్యమన్నానంటున్న బావమరిది ఆ నెలలో తానూ అదే షేరు కొన్నాడు.

వీళ్లంతా గొప్పకోసం అబద్ధాలాడుతున్నారని కొట్టిపారేయవచ్చు. కానీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు యాభై ఏళ్లుగా చేస్తున్న ప్రయోగాలు మరో సంగతి చెబుతున్నాయి. వీళ్లలో చాలామంది తమ మాటను మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. ఫలితం తెలిసిన క్షణంలోనే, ఫలితం తెలియనప్పుడు మనం ఏమనుకున్నామన్నది చెరిగిపోవడం మొదలవుతుంది. చెరిగిన చోట కొత్త జ్ఞాపకం వచ్చి కూర్చుంటుంది. అది చాలావరకు మనకు అనుకూలంగానే ఉంటుంది.

నిక్సన్ ప్రయాణం, విద్యార్థుల జ్ఞాపకం

1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లారు, మే నెలలో మాస్కో వెళ్లారు. అప్పటిదాకా చైనా కమ్యూనిస్టు ప్రభుత్వంతో అమెరికాకు రాయబార సంబంధాలే లేవు. కాబట్టి ఏం జరగబోతోందో ఎవరికీ తెలియదు. ఆ సమయంలో ఇజ్రాయెల్‌లో చదువుకుంటున్న బరూక్ ఫిష్‌హాఫ్ అనే యువకుడికి ఒక ఆలోచన వచ్చింది. తన సహాధ్యాయిని రూత్ బేత్‌తో కలిసి విద్యార్థులకు ఒక కాగితం ఇచ్చాడు. నిక్సన్ మావోను కనీసం ఒక్కసారైనా కలుస్తారా? బీజింగ్‌లో అమెరికా శాశ్వత కార్యాలయం తెరుస్తుందా? ప్రయాణం విజయవంతమైందని నిక్సన్ ప్రకటిస్తారా? ఒక్కోదానికి నూటికి ఎన్ని పాళ్లు అవకాశముందో అంకె వేయమన్నాడు.

ప్రయాణాలు ముగిశాయి. పత్రికల్లో కథనాలు వచ్చాయి. కొందరిని రెండు వారాల తర్వాత, మరికొందరిని నెలల తర్వాత పిలిచి, వాళ్లు ఊహించని ప్రశ్న అడిగారు: "అప్పుడు మీరు వేసిన అంకెలు గుర్తు తెచ్చుకుని మళ్లీ వేయండి." వాళ్ల సొంత చేతిరాతతో వేసిన అసలు అంకెలు పరిశోధకుల దగ్గర భద్రంగానే ఉన్నాయి.

రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే తేడా బయటపడింది. జరిగిందని తెలిసిన సంఘటనకు తాము అప్పట్లో పెద్ద అంకే వేశామని విద్యార్థులకు గుర్తు. నిజానికి వేసింది అంతకన్నా చిన్నది. జరగలేదనుకున్నవాటికి చిన్న అంకె వేసినట్టు గుర్తు, నిజానికి వేసింది పెద్దది. కాలం గడిచినకొద్దీ ఈ వాలు మరింత పెరిగింది. ఎవరూ వాళ్లను గొప్పలు చెప్పుకోమనలేదు, తప్పులు పట్టుకుంటామని బెదిరించలేదు. ఉన్నది ఉన్నట్టు గుర్తు తెచ్చుకోమన్నారంతే.

1975లో ఫిష్‌హాఫ్ మరో ప్రయోగం ప్రచురించారు. ఇందులో 1814లో ఈస్టిండియా కంపెనీకీ నేపాల్ గూర్ఖాలకూ జరిగిన యుద్ధం గురించి ఒక చిన్న వ్యాసం చదవమన్నారు. ఆ యుద్ధం సంగతి ఎవరికీ పెద్దగా తెలియదు. ఒక బృందానికి కంపెనీ గెలిచిందని చెప్పారు. ఇంకో బృందానికి గూర్ఖాలు గెలిచారన్నారు. మిగతావాళ్లలో కొందరికి ఎటూ తేలలేదన్నారు, ఇంకొందరికి ఏమీ చెప్పలేదు. తర్వాత "ఫలితం తెలియకుండా వ్యాసం ఒక్కటే చదివుంటే మీరేమని ఊహించేవారు?" అని అడిగారు. ఎవరికి ఏ ముగింపు చెబితే వాళ్లకు ఆ ముగింపే ముందు నుంచీ స్పష్టంగా కనిపించింది. వ్యాసంలో ఏ వివరం కీలకమన్నది కూడా విన్న ముగింపును బట్టి మారింది. వ్యాసం అందరికీ ఒకటే.

ఈ ధోరణికి ఇప్పుడు పరిశోధకులు మూడు మెట్లు చెబుతారు. మొదటిది, "నేను ముందే అన్నాను": ఇది జ్ఞాపకం చేసే తప్పు. రెండోది, "అలా జరగక తప్పేది కాదు": జరిగినదానికి కారణాలు దొరకగానే, జరగకుండా పోయే దారులు కనుమరుగవుతాయి. మూడోది, "నాకు తెలుసు": తన తెలివి మీద తనకుండే మక్కువ. మూడూ కలిసి వచ్చినప్పుడు మనిషిని ఒప్పించడం ఎవరి తరమూ కాదు. "ఇలాంటి పొరపాటు జరుగుతుంది, జాగ్రత్త" అని ముందే హెచ్చరించి చూశారు, పెద్దగా ఫలితం కనిపించలేదు. కాస్తో కూస్తో పనిచేసింది ఒక్కటే: జరిగినదానికి వ్యతిరేకంగా జరిగుంటే దానికి ఏ కారణాలు చెప్పేవాళ్లమో కూర్చుని ఆలోచించడం.

సొంత చేతిరాతనే కాదన్నవాళ్లు

జ్ఞాపకం ఎంత మొండిదో చూపించిన ఉదంతం ఒకటుంది. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక ఆకాశంలోనే పేలిపోయింది. మర్నాడు ఉదయం అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో అల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన విద్యార్థులతో ఒక కాగితం రాయించారు: వార్త ఎక్కడ విన్నారు, ఎవరు చెప్పారు, ఆ సమయంలో ఏం చేస్తున్నారు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అవే ప్రశ్నలు అడిగారు. 11 మంది చెప్పిన ప్రతి ముఖ్య వివరమూ తప్పే. తప్పు చెప్పినవాళ్లలో చాలామంది ఎంతో ధీమాగా చెప్పారు. వాళ్ల పాత కాగితం తెచ్చి చూపిస్తే, చేతిరాత తమదేనని ఒప్పుకున్నారు, కానీ జ్ఞాపకాన్ని మాత్రం వదులుకోలేదు.

ఫలితం తెలిశాక తీర్పు చెప్పడంలో ఇంకో ప్రమాదం ఉంది. తనకు తాను జమ వేసుకునే మనసు, అదే ఊపులో ఎదుటివాడి మీద నేరం మోపుతుంది. 1991లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 112 మంది మత్తు డాక్టర్లకు కొన్ని కేసులు ఇచ్చి, చేసిన వైద్యం సబబేనా అని అడిగారు. కేసు వివరాలు మార్చలేదు, ముగింపు ఒక్కటే మార్చారు: కొందరికి రోగి కోలుకున్నాడని, కొందరికి శాశ్వతంగా దెబ్బతిన్నాడని. ముగింపు ఘోరంగా ఉన్నచోట అదే వైద్యం నాసిరకంగా కనిపించింది. తీర్పు చెప్పింది ఆ రంగంలో పండిపోయిన డాక్టర్లే. ఆసుపత్రి బయట గుమిగూడి "ముందే తెలియాలిగా!" అని అరిచే బంధువుల నుంచి అంతకన్నా నిబ్బరం ఆశించలేం.

నిపుణుల సాకులు

జోస్యం చెప్పడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ల సంగతేమిటి? ఫిలిప్ టెట్‌లాక్ అనే అమెరికన్ పరిశోధకుడు 1980లలో ఈ ప్రశ్న పట్టుకుని ఇరవై ఏళ్లు వెంటాడారు. ప్రొఫెసర్లు, ప్రభుత్వ సలహాదారులు, విలేకరులు కలిపి 284 మంది నిపుణులను ఎంచుకున్నారు. సోవియట్ యూనియన్ ఏమవుతుంది, దక్షిణాఫ్రికాలో అంతర్యుద్ధం వస్తుందా, క్యూబెక్ విడిపోతుందా వంటి ప్రశ్నలకు గడువుతో సహా, అంకెలతో సహా జవాబులు రాయించుకున్నారు. వేల కొద్దీ జవాబులు పోగయ్యాయి. 2005లో పుస్తకంగా వచ్చిన ఫలితం నిపుణులకు మింగుడుపడలేదు. సగటు నిపుణుడు కళ్లు మూసుకుని అంకెలు వేసినవాడికన్నా పెద్దగా మెరుగేమీ కాదు. టీవీల్లో, పత్రికల్లో ఎక్కువగా కనిపించేవాళ్లు తక్కినవాళ్లకన్నా ఎక్కువ తప్పారు.

జోస్యం తప్పినవాళ్లను టెట్‌లాక్ మళ్లీ కలిశారు. వాళ్లు చెప్పిన సమాధానాలు మనకూ పరిచయమైనవే. "దాదాపు జరిగినంత పనైంది, వెంట్రుకవాసిలో తప్పింది." "తొందరెందుకు, ఇంకో రెండేళ్లు ఆగి చూడండి." "మధ్యలో ఆ సంఘటన రాకపోయుంటే నా మాటే నెగ్గేది." "తప్పితే తప్పాను, తప్పినా మంచి వైపే తప్పాను." వీటిలో ఒక్కో సాకులోనూ కొంత నిజం ఉండవచ్చు. చిక్కేమిటంటే ఇవి ఒకవైపే పనిచేస్తాయి. జోస్యం ఫలించినవాడు "వెంట్రుకవాసిలో గట్టెక్కాను, మధ్యలో ఆ సంఘటన నాకు కలిసొచ్చింది" అని చెప్పుకోడు. ఫలిస్తే తన ప్రజ్ఞ, తప్పితే కాలమహిమ.

నెప్ట్యూన్ ఎవరిది?

సైన్సులో ఎవరు ముందే చెప్పారన్న తగవు ఎంత దూరం వెళుతుందో చూడాలంటే 1846కు వెళ్లాలి. 1781లో విలియం హెర్షెల్ కనుగొన్న యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవడం లేదు. దాని అవతల ఇంకో గ్రహం ఉండి దాన్ని లాగుతోందేమోనన్న అనుమానం ఖగోళ శాస్త్రజ్ఞుల్లో ఉంది. ప్యారిస్‌లో ఉర్బెన్ లవెర్యే కాగితం మీద ఎదురు లెక్క వేశారు: యురేనస్ ఇంత తప్పుతోందంటే, లాగే గ్రహం ఎక్కడ ఉండాలి? 1846 జూన్ 1న, మళ్లీ ఆగస్టు 31న ఫ్రెంచి సైన్సు అకాడమీ ముందు జవాబు చదివారు. ఆయన రాసిన ఉత్తరం సెప్టెంబరు 23న బెర్లిన్‌లో యోహాన్ గాలెకు అందింది. ఆ రాత్రే గాలె, డారెస్ట్ అనే విద్యార్థి సాయంతో కొత్త నక్షత్ర పటాన్ని ముందు పెట్టుకుని దుర్భిణి తిప్పారు. పటంలో లేని చుక్క ఒకటి కనిపించింది. లవెర్యే చెప్పిన చోటికి అది ఒక డిగ్రీ దూరంలోపే ఉంది.

పది రోజులు తిరగకుండానే ఇంగ్లండు నుంచి ఒక మాట వచ్చింది: మా కుర్రవాడు ఇది ముందే చెప్పాడు. కేంబ్రిడ్జిలో జాన్ కౌచ్ ఆడమ్స్ 1843 నుంచి ఇదే లెక్కలో ఉన్న మాట నిజం. 1845 శరత్కాలంలో ఆయన తన ఫలితాన్ని గ్రీనిచ్ అబ్జర్వేటరీ అధిపతి జార్జ్ ఎయిరీ కోసం వదిలి వెళ్లిన మాటా నిజమే. ఎయిరీ ఒక సందేహం రాసి పంపితే ఆడమ్స్ జవాబివ్వలేదు. లవెర్యే జూన్ వ్యాసం చూశాకే ఎయిరీకి రెండు లెక్కలూ ఒకే చోటు చూపిస్తున్నాయని స్ఫురించింది. అప్పుడు కేంబ్రిడ్జిలో జేమ్స్ చాలిస్ చేత చడీచప్పుడు లేకుండా వెతికించారు. చాలిస్ ఆగస్టులో ఆ గ్రహాన్ని రెండుసార్లు చూసి నమోదు కూడా చేసుకున్నారు. అది గ్రహమని మాత్రం గుర్తించలేదు. బెర్లిన్ వార్త వచ్చాక నోటు పుస్తకం తిరగేస్తే కనిపించింది.

ఫ్రెంచివాళ్లు మండిపడ్డారు. దేశాభిమానాలు రేగాయి. చివరకు ఇద్దరికీ సమాన గౌరవమన్న రాజీ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. మనలో చాలామంది చదువుకున్నది ఆ కథే.

ఆ కథకు ఆధారమైన గ్రీనిచ్ కాగితాల కట్ట 1960ల నుంచి కనిపించకుండా పోయింది. 1998లో ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు మరణించాక చిలీలో ఉన్న ఆయన సామాన్లలో బయటపడింది. దాన్నీ, మిగతా ఉత్తరాలనూ కలిపి చదివిన చరిత్రకారులకు పాత కథ కొంత పలచబడింది. ఆడమ్స్ చెప్పిన చోటు ఒకటి కాదు. లెక్క మార్చినప్పుడల్లా చోటు మారింది. గ్రహం దొరకడానికి మూడు వారాల ముందు, సెప్టెంబరు 2న రాసిన ఉత్తరంలో ఆయన చూపిన కొత్త దిశ అసలు చోటికి మరింత దూరం జరిగింది. 1845 నాటి అంకె దాదాపు సరైనదే. అయితే అది సరైనదని తేలింది గ్రహం దొరికాక. చెప్పిన నాలుగైదు చోట్లలో సరిపోయినదాన్ని ఎంచి "ఇదే మేం చెప్పింది" అన్నారు. ఆడమ్స్ స్వతహాగా నెమ్మదస్తుడు, తనకు తానుగా వీధికెక్కలేదు. ఆయన తరఫున క్రెడిట్ అడిగింది ఎక్కువగా చుట్టూ ఉన్న పెద్దలు.

లవెర్యే గెలుపుకూ రెండో అంకం ఉంది. బుధుడి కక్ష్యలో చిన్న తేడా కనిపిస్తే ఆయన అదే మంత్రం వేశారు: సూర్యుడికీ బుధుడికీ మధ్య మరో గ్రహం ఉండాలి. 1859లో ఒక పల్లెటూరి డాక్టరు సూర్యబింబం మీద నల్లచుక్క కదలడం చూశానని రాసేసరికి దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. 1877లో కన్నుమూసేదాకా ఆ గ్రహం ఉందనే నమ్మారు. అలాంటి గ్రహమేదీ లేదు. బుధుడి నడకలోని ఆ తేడా శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లని, దానికి కారణం సూర్యుడి దగ్గర దేశకాలాల వంపు అని 1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం తేల్చింది. మనిషి ఒకడే, పద్ధతి ఒకటే. మన పుస్తకాల్లో నెప్ట్యూన్ పక్కన వల్కన్ పేరు కనిపించడం అరుదు.

గెలీలియో తాళం

ముందే చెప్పానని తేదీతో సహా నిరూపించుకోవడానికి పాతకాలం శాస్త్రజ్ఞులు ఒక చమత్కారం కనిపెట్టారు. 1610లో గెలీలియో దుర్భిణిలో శనిగ్రహం మూడు ముక్కలుగా కనిపించింది. ఇంకా రూఢి కాలేదు, ఈలోగా ఇంకెవరైనా చూసి ప్రకటిస్తే తన పేరు పోతుంది. అందుకని లాటిన్‌లో ఒక వాక్యం రాసి, దాని అక్షరాలను తారుమారు చేసి, అర్థంలేని ఆ వరుసను ప్రాగ్‌లో ఉన్న కెప్లర్‌కు చేరేలా పంపారు. ఎవరికీ అర్థం కాదు, తర్వాత ఎవరైనా తగవుకొస్తే అక్షరాలు సర్ది చూపించవచ్చు.

కెప్లర్ ఊరుకోలేదు. అక్షరాలతో కుస్తీపట్టి, కుజుడికి రెండు ఉపగ్రహాలున్నాయన్న అర్థం వచ్చేలా మరో వాక్యం పేర్చారు. గెలీలియో చెప్పింది శనిగ్రహం గురించి. తమాషా ఏమిటంటే కుజుడికి నిజంగానే రెండు ఉపగ్రహాలున్నాయి, అవి 1877లో దొరికాయి. కెప్లర్ జోస్యం చెప్పారని ఎవరైనా ముచ్చటపడితే, అది తప్పుగా విప్పిన పొడుపుకథ అని గుర్తుచేయాలి. తర్వాత శని చుట్టూ ఉన్నది వలయమని హైగెన్స్ 1656లోనూ, స్ప్రింగు సాగే సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1676లోనూ ఇలాగే అక్షరాల్లో దాచిపెట్టి, కొన్నేళ్లకు విప్పి చూపించారు.

ఈ తాళం తేదీని కాపాడుతుంది. కానీ ఇందులో ఒక లోపం ఉంది. పది పొట్లాలు కట్టి, ఫలించిన ఒక్కటే విప్పి, మిగతా తొమ్మిదీ విప్పకుండా ఊరుకుంటే అడిగేవాడు లేడు. చెప్పిన తేదీ ఎంత ముఖ్యమో, చెప్పినవన్నీ లెక్కలోకి రావడమూ అంతే ముఖ్యం.

ఆక్టోపస్, చిలక, కాలజ్ఞానం

2010 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీల్లో జర్మనీలోని ఓబర్‌హౌజెన్ అక్వేరియంలో ఉన్న పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిది మ్యాచ్‌ల విజేతలను వరసగా సరిగ్గా ఎంచింది. బొమ్మాబొరుసుతో అలా జరగడానికి 256లో ఒక్క వంతు అవకాశం. లోకం నోరెళ్లబెట్టింది. ఆ ఆక్టోపస్సే 2008 యూరో కప్‌లో ఆరింట రెండు తప్పింది. సింగపూర్‌లో చిలక జోస్యం చెప్పే మణి అనే చిలక ఆ 2010 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్స్ నాలుగూ సరిగ్గా చెప్పి పేరు తెచ్చుకుంది, ఫైనల్లో నెదర్లాండ్స్ గెలుస్తుందని బోల్తాపడింది. ప్రపంచమంతా జంతువుల చేత జోస్యం చెప్పిస్తుంటే ఏదో ఒకటి ఎనిమిదికి ఎనిమిదీ కొట్టడం వింతేమీ కాదు. తప్పినవాటి పేర్లు మనకు తెలియవు, అంతే.

తన ఎన్నికల సర్వేలు ఫలించిన రోజుల్లో మన రాజకీయ నాయకుడు లగడపాటి రాజగోపాల్‌కు "ఆంధ్రా ఆక్టోపస్" అన్న బిరుదు దక్కింది. 2018లో తెలంగాణలో ప్రజాకూటమి గెలుస్తుందని ఆయన అంచనా వేశారు, టీఆర్ఎస్ 119లో 88 స్థానాలు గెలిచింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం అన్నారు, వైఎస్సార్‌సీపీ 175లో 151 గెలిచింది. ఆ తర్వాత ఇక సర్వేలకు దూరంగా ఉంటానని ఆయన బాహాటంగానే ప్రకటించారు. జోస్యాల వ్యాపారంలో ఈపాటి ఒప్పుకోలు కూడా అరుదు.

గడువు పెట్టని మాటల సంగతి వేరు. మనవైపు ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అంటాం. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరు మీద ప్రచారంలో ఉన్న కాలజ్ఞానంలో ఏ ఏడాది, ఏ ఊరు అన్న లెక్కలతో జనానికి పనిలేదు. ముందు సంఘటన జరుగుతుంది, తర్వాత దానికి సరిపడే మాట వెతుకుతారు. మూడు వందల ఏళ్ల గడువిస్తే ఏ మాటకైనా ఎక్కడో ఒకచోట సంఘటన దొరుకుతుంది. ఇందులో క్రెడిట్ అడుగుతున్నది ఆ యోగి కాదు, విన్నవాళ్లు. ఉగాదినాడు రాజకీయ పార్టీల ఆఫీసుల్లో జరిగే పంచాంగ శ్రవణాలూ అంతే. ఏ పార్టీ పందిట్లో చదివితే ఆ పార్టీకే రాజయోగం. మరుసటి ఉగాదికి ఎవరూ పాత చీటీ తీసి చూడరు.

అమెరికాలోనూ ఇదే తంతు. జీన్ డిక్సన్ అనే జ్యోతిష్కురాలు 1956లో ఒక పత్రికలో, 1960 ఎన్నికల్లో డెమొక్రాట్ గెలుస్తాడని, పదవిలో ఉండగానే మరణిస్తాడని చెప్పారు. 1963లో కెనెడీ హత్యతో ఆమె పేరు మోగిపోయింది. 1960 దగ్గరపడ్డాక ఆమే నిక్సన్ గెలుస్తాడని చెప్పిన సంగతి మరుగునపడింది. ఫలించినవాటిని పదేపదే చాటి, తప్పినవాటిని మరిచిపోయే ఈ తీరుకు గణిత శాస్త్రజ్ఞుడు జాన్ అలెన్ పౌలోస్ ఆమె పేరే పెట్టారు.

ధీమాకు వెల కట్టే లెక్క

జోస్యాలను నిజాయితీగా తూచే సూత్రం 1950లో అమెరికా వాతావరణ శాఖ నుంచి వచ్చింది. కనిపెట్టినవారు గ్లెన్ బ్రయర్. దాని సులువైన రూపం ఇది. రేపు వాన పడే అవకాశం నూటికి 80 అని మీరన్నారు, అంటే 0.8. వాన పడితే 1, పడకపోతే 0. రెండింటి మధ్య తేడాను దానితోనే గుణించాలి. పడితే 0.2ను 0.2తో గుణిస్తే 0.04, పడకపోతే 0.8ను 0.8తో గుణిస్తే 0.64. ఇలా చెప్పిన ప్రతి రోజుకూ లెక్కవేసి సగటు తీయాలి. స్కోరు ఎంత తక్కువైతే అంత మంచిది.

ఎల్లయ్య, పుల్లయ్య పది ఎన్నికలకు జోస్యం చెప్పారనుకుందాం. ఇద్దరూ ఏడుసార్లు నెగ్గారు, మూడుసార్లు తప్పారు. ఎల్లయ్య ప్రతిసారీ "నూటికి నూరుపాళ్లు, రాసిపెట్టుకోండి" అన్నాడు. పుల్లయ్య ప్రతిసారీ "నూటికి 70 పాళ్లు" అన్నాడు. ఎల్లయ్యకు నెగ్గిన ఏడింటికీ సున్నా, తప్పిన మూడింటికీ ఒక్కొక్కటి చొప్పున 3, సగటు 0.30. పుల్లయ్యకు నెగ్గినవాటికి 0.09 చొప్పున 0.63, తప్పినవాటికి 0.49 చొప్పున 1.47, మొత్తం 2.10, సగటు 0.21. ఇక మూడోవాడు "నాకేం తెలియదు, సగం సగం" అని పదిసార్లూ చేతులెత్తేశాడనుకోండి, వాడి సగటు 0.25. పదిలో ఏడు నెగ్గి మీసం మెలేస్తున్న ఎల్లయ్య, ఏమీ తెలియదన్నవాడికన్నా వెనకబడ్డాడు! నెగ్గిన సంఖ్య ఒక్కటే చూస్తే ఇది కనిపించదు. తెలిసినదానికన్నా ఎక్కువ ధీమా పలికినందుకు ఈ సూత్రం జరిమానా వేస్తుంది.

2011 నుంచి అమెరికా గూఢచారి వ్యవస్థకు చెందిన ఒక పరిశోధన సంస్థ నాలుగేళ్లపాటు జోస్యాల పోటీ నిర్వహించింది. టెట్‌లాక్ జట్టు గెలిచింది ఇదే స్కోరుతో. జట్టులో మెరిసినవాళ్లు చాలామంది మామూలు ఉద్యోగులు, రిటైరైనవాళ్లు. కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా అంకెను కొద్దికొద్దిగా సవరించుకోవడం, తమ పాత అంకెలను తామే తిరగేసి చూసుకోవడం వాళ్ల అలవాటు.

లెక్క పెట్టడం మొదలయ్యాక

మందుల పరిశోధనలో ముందే రాసిపెట్టే క్రమశిక్షణ వచ్చాక ఏం జరిగిందో చూడండి. 2000కు ముందు ఒక మందును పరీక్షించేవాళ్లు ఏ ఫలితం కోసం చూస్తున్నారో బహిరంగంగా నమోదు చేయనక్కర్లేదు. గుండెపోట్లు తగ్గకపోతే రక్తపోటు చూడవచ్చు, అదీ కాకపోతే మరొకటి, తగ్గినదేదో దాన్నే "మేం మొదటినుంచీ అనుకున్నది ఇదే" అని రాసుకోవచ్చు. 2000లో అమెరికాలో బహిరంగ రిజిస్ట్రీ మొదలైంది. ఏం కొలవబోతున్నారో ముందే రాసిపెట్టాలి. గుండె జబ్బులకు సంబంధించి అక్కడి జాతీయ సంస్థ డబ్బుతో జరిగిన పెద్ద పరీక్షలను 2015లో ఇద్దరు పరిశోధకులు లెక్క తీశారు. 2000కు ముందు ప్రచురితమైన 30 పరీక్షల్లో 17 మేలు చూపించాయి. ఆ తర్వాతి 25లో మేలు చూపించినవి రెండే. మందులు ఒక్కసారిగా చచ్చుబడిపోయాయని ఎవరూ అనుకోరు. బాణం వేశాక గురి గీసుకునే వీలు తగ్గిందన్నదే ఎక్కువ సబబైన వివరణ. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 జూలైలో మొదలైంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి అయింది.

మన వాతావరణ శాఖను వెక్కిరించడం మనకు సరదా. వానలంటే ఎండలు, ఎండలంటే వానలు అని జోకులు వేస్తాం. కానీ ఏ ఏడాది రుతుపవనాల మీద ఎంత శాతం వర్షం చెప్పిందో, ఎంత పడిందో పక్కపక్కన పట్టికగా వేసి ప్రజల ముందు పెట్టే అలవాటు ఆ శాఖకు ఉంది. 2002లో సగటులో 101 శాతం వర్షమన్నారు, పడింది 81 శాతం. జూలైలో దేశంలో వర్షం సగానికి పడిపోయింది, కరవు వచ్చింది. అంకె నల్లగా అచ్చయి ఉంది కాబట్టి "మేం అన్నది అది కాదు" అనే వీల్లేకపోయింది. 1988 నుంచి వాడుతున్న 16 అంశాల నమూనాను పక్కనపెట్టి 2003లో కొత్త నమూనాలు తెచ్చారు. 2009లో 96 శాతమన్నారు, పడింది 78 శాతమే. మళ్లీ తప్పింది, మళ్లీ సవరించే పని పడింది. తుపాను కేంద్రం అంచనాకన్నా ఎన్ని కిలోమీటర్లు అటూఇటూ అయిందో ప్రతి తుపాను తర్వాతా లెక్క తీసి నివేదిక వేస్తారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటుతుందని ముందే చెప్పి లక్షల మందిని తరలించే వ్యవధి ఇవ్వగలిగారంటే, ఏళ్లపాటు తమ తప్పులను కిలోమీటర్లలో కొలుచుకోవడమూ దానికి ఒక కారణం.

కాబట్టి "నేనప్పుడే చెప్పాను" అన్నవాళ్లను మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఏ తేదీన చెప్పారు, ఎక్కడ రాసి ఉంది? నూటికి ఎన్ని పాళ్లు అన్నారు, ఎప్పటిలోగా అన్నారు? ఇంకా ఏమేం చెప్పారు, అందులో తప్పినవెన్ని? ఈ మూడింటికీ జవాబుంటే ఆ మనిషికి దండం పెట్టి క్రెడిట్ ఇవ్వాలి. నిజంగా ముందుచూపు ఉన్నవాళ్లు లేకపోలేదు, లెక్క లేకపోతే వాళ్లను బడాయిరాయుళ్ల నుంచి వేరు చేయలేం. ఇవే ప్రశ్నలు మనల్ని మనం వేసుకోవడానికి ఒక చిన్న నోటుబుక్కు చాలు: తేదీ, అంచనా, శాతం, గడువు, చివరికి ఏమైంది.

ఈ జబ్బులో అసలు నష్టం బడాయి కాదు. బడాయి వినేవాళ్లకు చికాకు, అంతే. నష్టం చెప్పుకునేవాడికే ఎక్కువ. ఫలితం చూసి ఆశ్చర్యపోయినవాడు తన అంచనాలో ఏది తప్పిందో వెతుక్కుంటాడు, వచ్చేసారికి దాన్ని సవరించుకుంటాడు. అన్నీ ముందే తెలుసునని నమ్మినవాడికి సవరించుకోవడానికి ఏమీ మిగలదు. 2002లో వాతావరణ శాఖకు తన తప్పు కనిపించింది కాబట్టి నమూనా మారింది. సర్వే తప్పినా "నేనప్పుడే చెప్పాను" అనే విశ్లేషకుడు మాత్రం, వచ్చే ఎన్నికలకూ అదే లెక్కతో, అదే ధీమాతో వచ్చి కూర్చుంటాడు.